మందునకు లొంగని క్రిములు

"వదినగారూ! మొన్న మీ చిన్నవానికి డాక్టరుగారు వ్రాసియిచ్చిన మాత్రలలో నేవైన మిగిలియున్నవా? మా అమ్మాయికి నిన్నటినుండి విరేచనము లగుచున్నవి" అని పొరుగింటి యిల్లాలు గోడమీదుగా నడుగుట మన యూళ్ళలో వింత గాదు. అడిగినామె బిడ్డమీది ప్రేమచేతనే యడిగినది. ఇచ్చునామెయు స్నేహముచేతనే అలమరలోని డబ్బా తీసి, సగము వాడిన మాత్రల షీటును చేతిలో నుంచును. చిటికెడు పసుపో, చెంచాడు తోడో యిచ్చినంత తేలికగా నీ పని జరిగిపోవును. ఈ నెల మేము మా సోదరీమణులతో ముచ్చటింపదలచినది యీ విషయమును గుఱించియే. ఇది చూచుటకు చిన్నది. దీని ఫలము మాత్రము ఆ రెండిండ్లతో నాగునది గాదు.

గోరువెచ్చని పాలలో చెంచాడు తోడు వేసి మూత పెట్టినచో తెల్లవారునప్పటికి గిన్నెడు పెరుగగుట మన మెఱిగినదే. ఆ తోడులో కంటికి గానరాని సూక్ష్మజీవులు కోట్లకొలదిగ నున్నవి. అవి రాత్రివేళ పాలలోని చక్కెరను దినుచు, ఒకటి రెండై, రెండు నాలుగై, పాలనన్నిటిని దమ వశము చేసికొనును. ఇట్టి జీవులే మన పేగులయందును కాపురమున్నవి. పుట్టునప్పుడు తల్లినుండియు, పిమ్మట చనుబాలనుండియు, ఇంటివారి చేతులనుండియు, నీటినుండియు, ఆహారమునుండియు నవి బిడ్డ కడుపులో జేరి స్థిరపడును. వీనిలో ననేకములు మనకు మేలు చేయునవే. మనము జీర్ణింపలేని పీచుపదార్థమును గొంత జీర్ణించును. రక్తము గడ్డకట్టుటకు గావలసిన కె విటమినును గొంత తయారు చేయును. చెడుక్రిములకు జోటు దొరకకుండ జేయును.

1885లో థియోడార్ ఎషెరిక్ అను పిల్లల వైద్యుడు పసిబిడ్డల మలమును బరీక్షించుచు, చిన్న కడ్డీవంటి యొక క్రిమిని గనుగొనెను. ఆయన పేరనే దానిని నేడు ఎషెరిషియా కోలై యనియు, సంక్షేపముగ ఈ-కోలై యనియు బిలుచుచున్నారు. ఇది మనుష్యుల పేగులలోను, పశువుల పేగులలోను, కోళ్ళ పేగులలోను నుండును. పేగులలో నున్నంతకాలము దీనిలో బెక్కుజాతులు మనల నేమియు జేయవు. మూత్రకోశములోనికో, రక్తములోనికో ప్రవేశించినప్పుడు మాత్రము వ్యాధి గలిగించును. పసికందుల రక్తములో జేరినచో ప్రాణమునకే ముప్పు.

ఇట్టి వ్యాధులకు సరియైన మందులేని దినములలో మన ముత్తవ్వలు కాపురములు చేసిరి. పురిటి యనంతరము వచ్చు జ్వరముచేత నెందఱు బాలింతలు బిడ్డ మొగము తనివితీఱ జూడకయే కన్నుమూసిరో ప్రతి పాత కుటుంబమునకును దెలియును. 1928లో లండనునగరమున అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెన్సిలినును గనుగొనుటతో నీ కథ మాఱినది. ఈ మార్పులో మన తెలుగువారికిని బాలు గలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ సంస్థయందు పరిశోధనలకు డైరెక్టరుగా నున్న కాలముననే, బెంజమిన్ డుగ్గర్ అను శాస్త్రజ్ఞుడు ఆరియోమైసిన్ అను మందును మట్టిలోని జీవినుండి తీసెను. అది 1948లో లోకమునకు దెలుపబడినది. టెట్రాసైక్లినులు అను మందుల కుటుంబమునకు నిదియే పెద్దబిడ్డ.

క్రిములను జంపు నిట్టి మందులనే యాంటిబయోటిక్కు లనుచున్నారు. అవి వచ్చిన తొలినాళ్ళలోనే ఫ్లెమింగ్ ఒక హెచ్చరిక చేసెను. 1945లో నోబెల్ బహుమానమును స్వీకరించుచు జేసిన యుపన్యాసములో నాయన యొక కల్పితకథ చెప్పెను. ఒకనికి గొంతునొప్పి వచ్చినది. తానే పెన్సిలిను గొనితెచ్చుకొని, చాలీచాలకుండ వాడెను. క్రిములు చావలేదు, పైగా మందునకు దట్టుకొనుట నేర్చినవి. ఆ క్రిములు వాని భార్యకు సోకినవి. ఆమెకు న్యుమోనియా వచ్చినప్పుడు పెన్సిలిను పనిచేయలేదు; ఆమె మరణించినది. మందు దుర్వినియోగము చేసినది భర్త, ప్రాణము పోయినది భార్యకు. కథ కల్పితమే యైనను, ఇంటిలో నొకరు చేసిన పని వేఱొకరికి జుట్టుకొనునని యాయన యప్పుడే గ్రహించెను.

ఇట్లుండగా నీ మందులకు మఱియొక త్రోవ దొరకినది. ఆరియోమైసిన్ తయారుచేయగా మిగిలిన పిప్పిని గోడిపిల్లలకు బెట్టినచో నవి త్వరత్వరగా బరువెక్కుచున్నవని, లెడర్లీ సంస్థలోనే పనిచేయుచున్న థామస్ జూక్స్ మొదలగువారు 1950లో బ్రకటించిరి. అప్పటినుండి జబ్బు లేకున్నను, పెరుగుదలకొఱకే కోళ్ళకును, పందులకును, దూడలకును మేతలో మందు కలిపి పెట్టుట పలుదేశములలో నలవాటయ్యెను. కోడి తిన్న మందు కోడితోనే సరిపోవునని జనులు నమ్మిరి.

ఆ నమ్మకమును బరీక్షించినది యొక పల్లెయింటి యనుభవము. అమెరికాలో బోస్టనునగరమునకు దగ్గఱగా నొక చిన్న పొలము గలదు. అందొక కుటుంబము, పిల్లలతో గూడ, కాపురముండెను. టఫ్ట్స్ విశ్వవిద్యాలయపు వైద్యుడు స్టువర్ట్ లెవీ, తన సహచరులతో గూడి, సుమారు 300 కోడిపిల్లలను ఆ పొలములో బెంచునట్లు ఏర్పాటు చేసెను. సగము పిల్లలకు సాధారణమైన మేత. మిగిలిన సగమునకు గొద్దిగ టెట్రాసైక్లిన్ కలిపిన మేత. కోళ్ళ రెట్టలను, ఆ యింటివారి మలమును, ఇరుగుపొరుగు కుటుంబముల మలమును దెప్పించి యెడతెగక పరీక్షించుచు వచ్చిరి. ఈ ఫలితములు 1976లో బ్రకటింపబడినవి.

మందుమేత పెట్టిన వారము దినములలోనే కోళ్ళ పేగులలోని క్రిములు దాదాపుగ నన్నియు టెట్రాసైక్లినునకు లొంగనివయ్యెను. ఇది యూహింపదగినదే. ఆశ్చర్యకరమైనది తరువాతి సంగతి. మందు గలిపినది కోళ్ళ మేతలో గాని మనుష్యుల యన్నములో గాదు. ఐనను నెలలు గడచినకొలది ఆ యింటివారి పేగులలోను లొంగని క్రిములు పెచ్చుపెరిగెను. ఐదాఱు మాసములయందు, వారమువారము తీసిన వారి నమూనాలలో నూటికి 31 చొప్పున, క్రిములలో 80 పాళ్ళకు మించి టెట్రాసైక్లినునకు లొంగనివిగ నుండెను. పొరుగువారి నమూనాలలో నట్టివి నూటికి 7 మాత్రమే. అంతే కాదు. పెట్టిన మందొకటే యైనను, కొంతకాలమునకు క్రిములు టెట్రాసైక్లినునకే గాక, ఎన్నడును బెట్టని యితర మందులకును దట్టుకొన నారంభించెను.

ఆ కుటుంబములో నెవరును జబ్బుపడలేదు. రోజువారీ పనులు చేసికొనుచునే యుండిరి. మేతను జల్లిన చేతులు, గూడు ఊడ్చిన చీపురు, గుడ్లు తెచ్చిన బుట్ట, పెరటిలో నాడిన పిల్లల పాదములు - వీనిద్వారా క్రిమి యొక పేగునుండి మఱియొక పేగునకు బోగలదు. దీని జాడ యింటివారికి జూపునదిగాని, వాసననిచ్చునదిగాని లేదు. ప్రయోగశాలలో బరీక్షించిననే తెలియును.

ఇది యెట్లు సంభవించునో మన సోదరీమణులు రెండు మాటలలో గ్రహింపగలరు. చేనిలో పైరును మాత్రమే చంపి కలుపును విడిచిపెట్టు విషమేదైన జల్లితిమనుకొందము. పైరు నశించును, ఆ చోటంతయు గలుపు గమ్ముకొనును. పేగులలో మందు చేసెడి పనియు నట్టిదే. మందునకు లొంగు క్రిములు - వానిలో మనకు మేలుచేయునవియు నున్నవి - చచ్చును. నూఱు కోట్లలో నొకటి తట్టుకొన్నను జాలును. ఖాళీయైన చోట నదియే పిల్లలు పెట్టి వ్యాపించును.

ఇక రెండవది. పొరుగామె యావకాయ రుచిగ నున్నచో మనము పాళ్ళు వ్రాసియిమ్మని యడిగెదము. ఆమె కాగితము మన యింటికి వచ్చును, మన కాగితము మఱియొక యింటికి బోవును, మూలమెవరిదో మఱచిపోదుము. క్రిములలోను నిట్టి కాగితము లున్నవి. వానిని ప్లాస్మిడ్లు అందురు. మందును దప్పించుకొను నుపాయము వ్రాసియున్న చిన్న వలయముల వంటివవి. ఒక క్రిమి తన ప్లాస్మిడునకు నకలు తీసి ప్రక్కనున్న క్రిమికిచ్చును. ఆ రెండును నొక్కజాతివై యుండవలసిన పనిలేదు. ఒక్క కాగితముమీద నాలుగైదు మందుల కుపాయము లుండవచ్చును. 1959లో జపాను శాస్త్రజ్ఞులు, రక్తవిరేచనముల రోగులను బరీక్షించుచు, పేగులలోని నిరపాయమైన ఈ-కోలైనుండి రోగము దెచ్చు షిగెల్లా క్రిమికి బెక్కుమందుల నెదుర్కొను శక్తి యొక్కమాఱుగ సంక్రమించుచున్నదని చూపిరి. కావున మన కడుపులోని యీ సాధువైన క్రిమి మనకు గీడు చేయకున్నను, కీడు చేయుదానికి దన కాగితము నందింపగలదు.

మందు మొగమెఱుగని జనుల కడుపులలో నేమున్నదో చూడవలెనని శాస్త్రజ్ఞులకు గుతూహలము గలిగినది. వెనెజువేలా దేశపు టడవులలో బయటివారితో సంబంధమే లేని యానోమామి జాతివారి పల్లె యొకటి యుండెను. 2009లో మొదటిసారి వైద్యుల బృందము వారిని గలిసికొనెను. వారినుండి సేకరించిన నమూనాలను గుఱించి 2015లో బ్రకటించిన పరిశోధన, వారి క్రిములలోను మందుల నెదుర్కొను జన్యువు లున్నవని తెలిపినది. ఐతే వారి ఈ-కోలై పరీక్షలో మందులకు లొంగినది. ఆ జన్యువులు నిద్రపోవుచున్నట్టుండెను. అనగా విత్తనము ప్రకృతిలో బురాతనమైనదే. దానికి నీరు పోసి పెంచుచున్నవారము మనము.

మన దేశములో నీరు పోయుట కొదువ లేదు. తెలంగాణములోని పటాన్‌చెరువు ప్రాంతమున సుమారు 90 మందుల కర్మాగారముల మురుగును శుద్ధిచేయు కేంద్రమునుండి వెలువడు నీటిని స్వీడను శాస్త్రజ్ఞులు పరీక్షించి, లీటరునకు 31 మిల్లీగ్రాములవఱకు సిప్రోఫ్లాక్సాసిన్ అను మందున్నదని 2007లో బ్రకటించిరి. ఆ మందును మ్రింగిన రోగి రక్తములో నుండుదానికంటె నది యెక్కువ. అట్టి నీరు వాగులలో గలిసిన చోట క్రిములకు నిత్యము బడి నడచినట్లే. ఇక కోళ్ళ సంగతి. కొలిస్టిన్ అను మందు, తక్కినవేవియు బనిచేయనప్పుడు డాక్టర్లు ఆసుపత్రులలో చిట్టచివఱకు వాడునది. దానిని గోళ్ళమేతలోను వాడుచుండిరి. కొలిస్టినునకు లొంగకుండ జేయు జన్యువు ప్లాస్మిడుమీద, అనగా చేతులు మాఱగల కాగితముమీద, ఉన్నదని 2015లో చైనా శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. పందులలోను, పచ్చిమాంసములోను, ఆసుపత్రి రోగులలోను వారు దానిని గనుగొనిరి. మన ప్రభుత్వము 2019 జులైలో పశువులకును, కోళ్ళకును, చేపలచెఱువులకును గొలిస్టిన్ అమ్మరాదని నిషేధించినది.

"కడుపులో నుండి కీడు చేయనిదానికి భయమేల?" అని యెవరైన నడుగవచ్చును. భయము నేటికి గాదు. మూత్రమున మంట, నొప్పి స్త్రీలలో నెంత తఱచో మనకు దెలియును. ఆ వ్యాధికి బ్రధానకారణము మన పేగులలోని ఈ-కోలైయే. లొంగని క్రిమిని మోయుచున్న స్త్రీకి ఆ వ్యాధి వచ్చినప్పుడు, చవుకైన మాత్రతో మూడునాళ్ళలో తగ్గవలసినది ఆసుపత్రిలో సూదిమందులదాక బోవును. క్రిమి పైకి ప్రాకి మూత్రపిండములకు జేరవచ్చును. కాన్పువేళ తల్లినుండియు, పిదప నెత్తుకొన్నవారి చేతులనుండియు బిడ్డకు సంక్రమించు క్రిమియు నిట్టిదే. పుట్టిన వారములోపల బిడ్డ రక్తము విషమించినప్పుడు డాక్టరునకు గంటలే గాని దినములుండవు. మొదట నిచ్చిన మందు పనిచేయకపోయినచో రెండవదానికి సమయము చాలకపోవచ్చును. మందులకు లొంగని క్రిములే ప్రత్యక్షకారణముగ 2019లో బ్రపంచమున సుమారు 12 లక్షల 70 వేలమంది మరణించిరని శాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి.

కర్మాగారముల మురుగును మన మాపలేము. అది ప్రభుత్వము చేయవలసిన పని. మన చేతిలోని పనులు కొన్ని గలవు.

మొదటిది మందుల డబ్బా. 2016నుండి మన దేశమున యాంటిబయోటిక్కుల షీట్లమీద ఎఱ్ఱగీతను గుఱించి ప్రభుత్వము ప్రచారము చేయుచున్నది. ఎఱ్ఱగీత యున్న మందును డాక్టరు చీటి లేక కొనరాదు, అడుగరాదు, ఇయ్యరాదు. డాక్టరు చెప్పిన మోతాదు తగ్గింపరాదు. చెప్పిన దినములు కాకమున్నే మన యిష్టప్రకారము మానరాదు. జలుబునకును, మామూలు దగ్గునకును నీ మందు పనిచేయదు. "డాక్టరుగారూ! ఇది తప్పనిసరియా?" అని యడుగుట తప్పు గాదు, "బలమైన మందేదైన వ్రాయుడు" అని తొందరపెట్టుటయే తప్పు.

రెండవది పిల్లల విరేచనములు. వీనిలో ననేకములు వైరసులవలన గలుగును. యాంటిబయోటిక్కు వానికి బనిచేయదు. బిడ్డను బొట్టనపెట్టుకొనునది చాలమాఱు క్రిమి కాదు, దేహములో నీరు తఱిగిపోవుట. 1971లో బంగ్లాదేశ శరణార్థులు బంగాళములోని బనగాఁవ్ శిబిరములలో గలరాతో గుప్పకూలుచుండగా, డాక్టరు దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు గలిపిన నీటిని ద్రాగించి వేలకొలది ప్రాణములను గాపాడెను. నేడా పొట్లము ఓ.ఆర్.ఎస్. అను పేర నంగన్‌వాడీ కేంద్రమునను, ప్రతి మందులదుకాణమునను దొరకును. అది లేనిచో, కాచి చల్లార్చిన లీటరు నీటిలో, చెంచాతో సమముగ కొలిచి ఆఱు చెంచాల పంచదారయు, అర చెంచా ఉప్పును గలిపి కొద్దికొద్దిగ ద్రాగింపవలెను. చెంచా టీచెంచాయే కావలెను. ఉప్పు ఎక్కువ గారాదు. చనుబాలు మానరాదు. డాక్టరుగారు జింకుమాత్ర లిచ్చినచో జెప్పినన్ని దినములు వేయవలెను. మలములో నెత్తురు పడినను, కన్నులు లోతుకు బోయినను, బిడ్డ మత్తుగ బడియున్నను, మూత్రము రాకున్నను జాగు చేయక డాక్టరుకడకు దీసికొనిపోవలెను.

మూడవది చేతులు. మరుగుదొడ్డికి బోయివచ్చిన పిదప, పసిబిడ్డ మలము కడిగిన పిదప, కోళ్ళగూడు, పశువులకొట్టము శుభ్రపఱచిన పిదప, అన్నము వండకమున్ను, బిడ్డకు దినిపింపకమున్ను సబ్బుతో జేతులు కడుగవలెను. పచ్చిమాంసము కోసిన కత్తిపీటమీద నప్పుడే కూరగాయలు తఱుగరాదు. మాంసమును బూర్తిగ నుడికింపవలెను. ఉడికినచో లొంగని క్రిమియు జచ్చును. త్రాగునీరు కాచుకొనుట మేలు.

నాలుగవది పెరటికోళ్ళు, పాడిపశువులు. మేత యమ్మువానిని "దీనిలో మందేమైన గలదా?" యని యడుగుట యింటి యజమానురాలి హక్కు. జబ్బుపడిన గేదెకు మందు పశువైద్యుని యనుమతితోనే యీయవలెను. పాలు పోయుట యెన్ని దినములు మానవలెనో యాయన చెప్పును.

ఇంతజేసిన ఫలము గలుగునాయని సందేహింపవలదు. బోస్టను పొలముయొక్క కథలో జివరిమాట మేమింకను జెప్పలేదు. మందుమేతను బూర్తిగ మానిపించిన ఆఱు మాసములకు, ఆ పొలమువారిలో బదిమందిని మరల బరీక్షింపగా, ఎనిమిదిమందియందు టెట్రాసైక్లినునకు లొంగని క్రిములు కానరాలేదు. ప్రతిచోటను నిట్లే జరుగునని చెప్పజాలము. కొన్ని క్రిములు మందు మానిన చాలకాలమువఱకును దమ కాగితమును విడువవు. ఐనను మందుల యొత్తిడి తగ్గినచో మంచిక్రిములు తమ చోటును దాము దిరిగి యాక్రమించుకొనుట కవకాశ మున్నదని ఆ యిల్లు చూపినది.

కావున, ఈసారి పొరుగింటి వదినగారు గోడమీదుగ మాత్ర లడిగినప్పుడు లేదని మొగము చాటువేయవలదు. మన మందుల డబ్బాలో మిగులుమాత్రలకు బదులుగ రెండు ఓ.ఆర్.ఎస్. పొట్లములుంచుకొందము. వానిలో నొకటి యామె చేతిలో బెట్టి, లీటరు నీటిలో నెట్లు కలుపవలెనో చూపి, "సాయంకాలమునకు బిడ్డ తేఱుకొననిచో మన మిద్దఱము గూడి డాక్టరుగారి కడకు బోదము" అని చెప్పుదము. స్నేహమునకు లోటు రాదు, బిడ్డకు మేలగును, పుట్టబోవు బిడ్డలకు మందు మందుగ మిగులును.